ఇంట్లోనే ఇంగ్లీషు – 14వ పాఠం: స్కేప్‌గోట్

పోయిన పాఠంలో 'బ్లేమ్' నేర్చుకున్నాం. నింద వేయడం అని అర్థం. ఆ నింద నిజం కావచ్చు, కాకపోవచ్చు. ఇవాళ్టి మాట 'స్కేప్‌గోట్' అలా కాదు. ఒకరి తప్పో, పదిమంది తప్పో తన నెత్తిన మోయాల్సి వచ్చిన మనిషినే అలా అంటారు. 'స్కేప్' మీద ఊనిక పెట్టి, ఒకే మాటగా పలకండి.

పలాసలో ఒక జీడిపప్పు కార్ఖానాలో నేను లెక్కలు రాసేవాడిని. ఒకసారి సరుకులో 40 కిలోల తేడా వచ్చింది. తూకం వేసింది ఒకరు, పుస్తకంలో ఎక్కించింది నేను, చూసి సంతకం పెట్టింది మేనేజరు. పని పోయింది మాత్రం బస్తాలు మోసే గుంటడికి. వారం తర్వాత నా కూడికలోనే పొరపాటు దొరికింది. అప్పటికే వాడు చెన్నై రైలెక్కేశాడు. 'హి వాజ్ మేడ్ ఎ స్కేప్‌గోట్' అని చెప్పేటప్పుడల్లా నాకు వాడి మొహమే గుర్తొస్తుంది.

బైబిల్‌ను ఇంగ్లీషులోకి తెస్తూ 1530లో విలియం టిండేల్ ఈ మాటను తయారుచేశాడు. లేవీయకాండం 16వ అధ్యాయంలో రెండు మేకలకు చీట్లు వేస్తారు. ఒకదాన్ని బలి ఇస్తారు. రెండోదాని తల మీద యాజకుడు రెండు చేతులూ ఉంచి, జనం పాపాలన్నీ ఒప్పుకుని, దాన్ని ప్రాణంతోనే ఎడారిలోకి పంపించేస్తాడు. తప్పించుకుపోయే మేక కాబట్టి 'ఎస్కేప్'లోని స్కేప్, దాని పక్కన గోట్. 'తప్పంతా వాడి నెత్తిన రుద్దారు' అంటాం కదా, ఆ మేకకు జరిగిందీ అదే.

నిఘంటువులో 'బలిపశువు' అని ఉంటుంది. సరిపోతుంది గానీ, ఒక చోట జాగ్రత్త. ఏ నష్టం జరిగినా మనం 'బలైపోయాడు' అనేస్తాం. 2018లో తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. తోట పోయిన రైతు 'విక్టిమ్', స్కేప్‌గోట్ కాడు. ఆయన మీద ఎవరూ తప్పు మోపలేదు.

ఏ తప్పుకో చెప్పాలంటే 'ఫర్' వాడండి: 'దే మేడ్ హిమ్ ది స్కేప్‌గోట్ ఫర్ దెయిర్ మిస్టేక్.' క్రియగానూ వస్తుంది: 'డోంట్ స్కేప్‌గోట్ ది డ్రైవర్.' నిజంగా తప్పు చేసినవాడైతే 'కల్ప్రిట్'.

అభ్యాసం: ఈ ఇద్దరికీ ఏ మాట సరిపోతుందో ఒక్కో ఇంగ్లీషు వాక్యంలో రాయండి. నాగావళి వరదలో ఇల్లు మునిగిన మనిషి. డిపోలో టైరు మార్చకపోవడంతో బస్సు ఆగిపోతే, అందరి చేతా తిట్లు తిన్న కండక్టరు. జవాబులు వచ్చే పాఠం మొదట్లో చూద్దాం.