మోంజా మొదటి చికేన్‌లో బ్రేకింగ్ పాయింట్ కుదిరింది: నా అనుభవం

కంప్యూటర్‌లో కార్ రేసింగ్ గేమ్ (సిమ్ రేసింగ్) ఆడతాను. ఇటలీలోని మోంజా ట్రాక్‌లో మొదటి చికేన్ (వెంటవెంటనే వచ్చే మెలిక మలుపులు) దగ్గర ఒక ల్యాప్‌లో బ్రేక్ ముందే నొక్కేసేవాణ్ణి, మరుసటి ల్యాప్‌లో నేరుగా బయటికి. కారు సెటప్ మార్చాను, బ్రేక్ బయాస్ (ముందు, వెనక చక్రాల మధ్య బ్రేకు పంపకం) తిప్పాను, వేరేవాళ్ల సెటప్ దించుకున్నాను. లాభం లేదు.

చివరికి తేలిందేమిటంటే, లోపం ఫీల్డ్ ఆఫ్ వ్యూలో (స్క్రీన్ మీద ఎంత కోణం మేర కనిపించాలో చెప్పే సెట్టింగ్) ఉంది. అది మరీ వెడల్పుగా ఉండటంతో అన్నీ దూరంగా, చిన్నగా కనిపించేవి.

ముందు మానిటర్‌ని స్టీరింగ్ వీల్ వెనక్కి, వీలైనంత దగ్గరికి జరిపాను. తర్వాత టేపు పట్టి కంటి నుంచి స్క్రీన్‌కి కొలిస్తే 60 సెం.మీ. నాది 27 అంగుళాల 16:9 స్క్రీన్, వెడల్పు సుమారు 60 సెం.మీ., ఎత్తు 34. లెక్క కడితే అడ్డంగా 53 డిగ్రీలు, నిలువుగా 31. ఇక్కడే చాలామంది పొరబడతారు: ఐరేసింగ్ అనే గేమ్ అడ్డం కోణం అడుగుతుంది, అసెట్టో కోర్సా అనే గేమ్ నిలువు కోణం. ఆఖర్న సీటు ఎత్తు సరిచేశాను.

మొదట సొరంగంలోంచి చూస్తున్నట్టు అనిపించింది, టైమ్ కూడా పెరిగింది. రెండు రోజులకి మలుపుకి 150 మీటర్ల ముందుండే బోర్డు ఎప్పుడొస్తుందో కంటికి అందింది. ఇప్పుడు వరసగా పది ల్యాప్‌లు సెకనులో మూడు నాలుగు పదో వంతుల తేడాలోనే వస్తున్నాయి, కారు బరువు కూడా నిజంగా తెలుస్తోంది.

పక్క కార్లు మాత్రం కనిపించవు, రాడార్ (దగ్గరి కార్లని స్క్రీన్ మీద చూపించేది) పెట్టుకోవాల్సిందే. మూడు స్క్రీన్లవాళ్లకి ఈ లెక్క వేరు. మీ సమస్య పెడల్‌దైతే ఇది పనిచేయకపోవచ్చు.