ఇంట్లో చేసిన సోడా చప్పగా ఉంటే, పొంగితే, రుచి మారితే: కారణాలు, పరిష్కారాలు

ఇంట్లో సోడా చేసుకోవడం వల్ల కలిగే అసలు లాభం చక్కెర మన అదుపులో ఉండటం. బజారులో దొరికే కోలా పానీయాల్లో సాధారణంగా 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. అంటే 300 మిల్లీలీటర్ల సీసా ఒకటి తాగితే 30 గ్రాములు దాటుతుంది. ఇంట్లో చేసుకునే నిమ్మ సోడాకు అందులో మూడో వంతు చాలు, పిల్లలకైతే ఇంకా తగ్గించవచ్చు. అయితే గ్యాస్ ఒత్తిడితో కూడిన పని కనుక దీనికి కొంత జాగ్రత్త, కొంత ఖర్చు తప్పవు. సాధారణంగా ఎదురయ్యే ఇబ్బందులను, వాటి కారణాలను, సరిదిద్దే మార్గాలను కింద వివరిస్తున్నాను.

సోడాకు గ్యాస్ సరిగా పట్టడం లేదు

ఎక్కువ మందికి ఎదురయ్యే సమస్య ఇదే. దీనికి మొదటి కారణం నీటి వేడి. మామూలు వాతావరణ పీడనం వద్ద, సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీరు సుమారు 3.3 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ను, అంటే సోడాలో ఉండే గ్యాస్‌ను, కరిగించుకోగలదు. అదే నీరు 30 డిగ్రీలకు చేరితే 1.3 గ్రాములకు మించి పట్టదు. మే నెలలో కుళాయి నీళ్లతో నేరుగా సోడా చేయబోతే గ్యాస్‌లో ఎక్కువ భాగం వృథా అవడానికి కారణం ఇదే. నీళ్లను ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి, బాగా చల్లబడ్డాకే ఆ సీసాను సోడా మెషీన్‌కు (చిన్న సిలిండర్‌లోని గ్యాస్‌ను నీటిలోకి ఎక్కించే పరికరానికి) తగిలించాలి. గ్యాస్ ఎక్కించాక మూత బిగించి మరికొంతసేపు ఫ్రిజ్‌లో ఉంచితే అది నీటిలో నిలకడగా కరుగుతుంది. గ్లాసు కూడా చల్లగా ఉండాలి, సోడాను గ్లాసు అంచు వెంబడి నెమ్మదిగా పోయాలి.

నీళ్లు చల్లగా ఉన్నా ఫలితం లేకపోతే సీసా బిగించే చోట ఉన్న రబ్బరు వాషర్‌ను చూడాలి. అది అరిగినా, పగిలినా గ్యాస్ పక్కనుంచి జారిపోతుంది. అతుకు దగ్గర సబ్బు నీళ్లు రాస్తే బుడగలు లేచి లోపం ఎక్కడుందో చూపిస్తాయి. వాషర్ కూడా బాగానే ఉంటే సిలిండర్ ఖాళీ అయి ఉండవచ్చు. లోపల గ్యాస్ ద్రవరూపంలో ఉంటుంది కనుక, ఆ ద్రవం పూర్తిగా అయిపోయేవరకు ఒత్తిడి పెద్దగా తగ్గదు. అందువల్ల ఎంత మిగిలిందో ఒత్తిడిని బట్టి తెలియదు, సిలిండర్‌ను తూకం వేసి దాని మీద ముద్రించిన ఖాళీ బరువుతో పోల్చి చూడటమే సరైన పద్ధతి.

సోడా పొంగి బయటికి చిమ్ముతోంది

చక్కెర, పండ్ల రసం, షర్బత్ వంటివి ముందే కలిపి, ఆ తరువాత గ్యాస్ ఎక్కించడం దీనికి కారణం. చాలా ఇంటి మెషీన్లు మంచినీళ్ల కోసమే తయారైనవి. రసంలోని పీచు గొట్టంలో ఇరుక్కుంటే ఒత్తిడి బయటికి పోయే దారి మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. ముందు నీటికి గ్యాస్ పట్టించి, నన్నారి షర్బత్ అయినా నిమ్మరసం అయినా ఆ తరువాతే కలపాలి. ఉప్పు సోడా విషయంలో మరో మెలకువ ఉంది. సోడాలో ఉప్పు పలుకులు వేయగానే వాటి గరుకు అంచుల మీద గ్యాస్ ఒక్కసారిగా బుడగలుగా విడిపోతుంది. ఉప్పును ముందే నిమ్మరసంలో పూర్తిగా కరిగించి, దాని మీద సోడా పోస్తే పొంగు చాలావరకు తగ్గుతుంది.

రుచి తేడాగా ఉంది

వంట సోడా, నిమ్మరసం కలిపి చేసిన పానీయం ఉప్పగానో, సబ్బు రుచితోనో ఉంటే వంట సోడా ఎక్కువైందని అర్థం. దాని బరువులో నాలుగో వంతుకు పైగా సోడియమే కనుక రక్తపోటు ఉన్నవారు ఈ పద్ధతిని మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మెషీన్‌తో చేసిన సోడాలో పులుపు తక్కువగా ఉంటే నీటిని అనుమానించాలి. కొన్ని బోరు నీళ్లలో ఎక్కువగా ఉండే బైకార్బనేట్లు గ్యాస్ వల్ల వచ్చే పులుపును తగ్గిస్తాయి. అప్పుడు శుద్ధి చేసిన నీటిని వాడాలి.

పులియబెట్టిన పానీయం సీసా ఉబ్బుతోంది

ఈస్ట్‌తోనో, అల్లం, చక్కెర నీళ్లలో పులియబెట్టిన తోడుతోనో చేసే పానీయాల్లో చక్కెర ఉన్నంతకాలం గ్యాస్ పుడుతూనే ఉంటుంది. మన ఎండల్లో ఆ వేగం మరీ ఎక్కువ. మామూలు గాజు సీసా ఆ ఒత్తిడికి పగిలి, ముక్కలు కళ్లలోకి ఎగిరే ప్రమాదం ఉంది కనుక దీన్ని తేలికగా తీసుకోకూడదు. గోలీ సోడా సీసాను చూసి గాజు ఆగుతుందని అనుకోవద్దు. 1870లలో ఇంగ్లండ్‌కు చెందిన హైరమ్ కాడ్ రూపొందించిన ఆ సీసా, లోపలి ఒత్తిడే గోలీని మూతికి నొక్కిపట్టేలా, ప్రత్యేకంగా మందపాటి గాజుతో చేసినది. ఇంట్లో కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసానే వాడాలి. నొక్కితే లోపలికి పోనంత గట్టిగా మారిన వెంటనే దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి, బాగా చల్లబడ్డాక మూతను కొద్దికొద్దిగా వదులు చేయాలి. ఇలాంటి పానీయంలో కొద్దిపాటి ఆల్కహాల్ కూడా ఏర్పడుతుంది కనుక పిల్లలకు ఇవ్వకపోవడం మేలు.

తాగాక కడుపు ఉబ్బరం, గుండెల్లో మంట

గ్యాస్ కడుపులో విడుదల కావడమే దీనికి కారణం. తక్కువ గ్యాస్‌తో చేసుకుని, నెమ్మదిగా తాగి చూడాలి. అయినా తగ్గకపోతే సోడా మానేసి వైద్యుడిని సంప్రదించాలి.

సిలిండర్ త్వరగా అయిపోతోంది

అదనపు ఒత్తిడి బయటికి పోతున్న శబ్దం వచ్చాక కూడా మీట నొక్కుతూ ఉంటే ఆ గ్యాస్ గాలిలో కలిసిపోతుంది. శబ్దం రాగానే ఆపి, చిన్న చిన్న విడతలుగా నొక్కాలి. ఖాళీ సిలిండర్‌లో ఆహారానికి పనికివచ్చే గ్యాస్‌నే నింపించుకోవాలి. నిండిన సిలిండర్‌ను ఎండలో నిలిపిన కారులో ఎప్పుడూ వదిలిపెట్టకూడదు. మెషీన్ కొనేముందే మీ ఊళ్లో సిలిండర్ నింపే చోటు ఉందో లేదో విచారించుకోండి. అది లేకపోయినా, ఇంట్లో వారానికి ఒకసారికి మించి సోడా తాగకపోయినా, మెషీన్ కొనడం కన్నా నమ్మకమైన సోడా బండి దగ్గర తాగడమే నయం.