ఆర్‌డీ 350 వైపీవీఎస్: ఇంజన్ కట్టాక పవర్ వాల్వ్ పట్టేస్తుంటే

బోర్ చేయించారు, పిస్టన్లు కొత్తవి, కార్బురేటర్లు కడిగి పెట్టారు. కిక్ కొడితే రెండో దెబ్బకే అందుకుంది. తీరా రోడ్డెక్కితే ఏడు వేల ఆర్‌పీఎం దగ్గర బండి గొంతు పట్టేసినట్టు ఆగిపోతోంది. ఇక్కడే అందరం కార్బురేటర్ జెట్ల (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రాల) మీద పడతాం. నేనూ పడ్డాను, రెండు ఆదివారాలు పోయాయి.

మన రోడ్ల మీద తిరిగిన రాజ్‌దూత్ 350కి గానీ, ఆర్‌ఎక్స్ 100కి గానీ ఈ పవర్ వాల్వ్ (వైపీవీఎస్ అంటే యమహా పవర్ వాల్వ్ సిస్టమ్) లేదు. అందుకే వాటి మీద చెయ్యి తిరిగినవాళ్ళు కూడా దీని దగ్గర తడబడతారు. నాది బ్రిటన్‌లో కొన్న 1986 నాటి ఆర్‌డీ 350 ఎఫ్2. యమహా ఈ వాల్వ్‌ని రోడ్డు మీది ఆర్‌డీ 350కి 1983లో పెట్టింది. సిలిండర్‌లోంచి పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టు పైభాగంలో, అప్పడాల కర్రకి ఒక పక్క గంటు తీసినట్టుండే అల్యూమినియం కడ్డీ అడ్డంగా ఉంటుంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అది పోర్టు పై అంచుని కిందికి దింపుతుంది, వేగం పెరిగేకొద్దీ తిరిగి పైకి తెరుస్తుంది. తిప్పేది ఒక చిన్న మోటారు, రెండు కేబుళ్ళతో.

ముందు చెయ్యాల్సిన పని

తాళం తిప్పగానే మోటారు 'సర్ర్'మని వాల్వ్‌ని ఒకసారి ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పి వదులుతుంది. ఆ చప్పుడు వినండి. తర్వాత తాళం తీసేసి, వాల్వ్ కొసన కేబుళ్ళు తగులుకునే పుల్లీ మీద మూత విప్పి, రెండు కేబుళ్ళూ తప్పించి, పుల్లీని రెండు వేళ్ళతో తిప్పండి. వెన్నలా తిరగాలి. వేళ్ళకి ఇసుక తగిలినట్టున్నా, ఒక చోట బరువెక్కినా తప్పు వాల్వ్ దగ్గరే. హాయిగా తిరిగితే కేబుళ్ళు, మోటారు, కరెంటు వైపు చూడండి. ఈ పరీక్ష చెయ్యకుండా ఇంజన్ మీద స్పానర్ పెట్టకండి.

కింద (తక్కువ ఆర్‌పీఎంలో) బాగుంది, పైన చచ్చిపోతోంది

వాల్వ్ మూసుకున్న చోటే ఉండిపోయింది. ఊళ్ళో తిరగడానికి ఏ లోటూ తెలియదు, పై గేర్లలో మాత్రం 9000 ఆర్‌పీఎం దగ్గర రావాల్సిన గుర్రాల్లో సగం కొట్టంలోనే ఉంటాయి. ఎక్కువసార్లు కారణం మసే. టూ స్ట్రోక్ మసి పొడిపొడిగా ఉండదు, ముదిరిన బెల్లం పాకంలా అంటుకుంటుంది. ఆయిల్ ఎక్కువ కలుపుకున్న బండికీ, ఎప్పుడూ మెల్లగా నడిచే బండికీ ఇది ఖాయం.

వాల్వ్ ముక్కల్ని రాత్రంతా డీజిల్లో నానబెట్టి, పొద్దున్న వెదురు పుల్లతో గీకండి. మిగిలింది స్కాచ్ బ్రైట్‌తో మెల్లగా పోతుంది. ఎమరీ పేపర్ వద్దు, డ్రిల్లుకి తగిలించే వైరు బ్రష్షు అసలే వద్దు. కడ్డీ అరిగితే ఆ సందులోంచి మళ్ళీ మసి దూరుతుంది. ఓవెన్ క్లీనర్ కొట్టమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది. దాని డబ్బా వెనక చదవండి. కాస్టిక్ సోడా ఉంటే అది మసితో ఆగదు, అల్యూమినియాన్ని కూడా తింటుంది.

కడ్డీని అద్దంలా తుడిచి, అది కూర్చునే రంధ్రాన్ని వదిలేస్తుంటాం. పెన్సిలుకి గుడ్డ చుట్టి, డీజిల్లో ముంచి సిలిండర్‌లోని ఆ రంధ్రాన్ని కూడా తిప్పి తిప్పి తుడవాలి. బిగించేటప్పుడు గ్రీజు పూయకండి, కాలి మసవుతుంది. టూ స్ట్రోక్ ఆయిల్ పలచగా రాస్తే చాలు.

కింద పిలిచినా పలకదు, ఆరువేల దాకా వెళ్ళాక ఒక్కసారిగా దూకుతుంది

ఇది తెరిచిన చోట ఆగిపోయిన వాల్వ్. మసి కావచ్చు, కేబుల్ తెగి ఉండవచ్చు. ఇంజన్ కట్టిన వెంటనే ఇలా ఉంటే, పైన కూడా నీరసంగానే ఉంటే, రెండు కేబుళ్ళూ తారుమారుగా తగిలించారేమో చూడండి. అప్పుడు మూయాల్సినప్పుడు తెరుస్తుంది, తెరవాల్సినప్పుడు మూస్తుంది. బండికి పిచ్చెక్కినట్టుంటుంది గానీ మందు పది నిమిషాల పని.

చల్లగా ఉన్నప్పుడు తిరుగుతుంది, వేడెక్కితే పట్టేస్తుంది

నా రెండు ఆదివారాలూ మింగింది ఇదే. విప్పకముందు లేని జబ్బు కట్టాక వచ్చిందంటే, తెచ్చింది కట్టినవాడే. ఆర్‌డీలో రెండు సిలిండర్లు విడివిడిగా కూర్చుంటాయి, వాటి వాల్వ్‌లు మాత్రం మధ్యలో ఒకదానికొకటి తగులుకుని ఒకే ఇరుసులా తిరగాలి. నేను సిలిండర్లు కూర్చోబెట్టి, టార్క్ రెంచ్‌తో కింది నట్లన్నీ బిగించేసి, ఆ తర్వాత వాల్వ్‌లు దూర్చాను. ఒక సిలిండర్ వెంట్రుకవాసి పక్కకి తిరిగి ఉంది. కంటికి కనపడదు. చల్లగా ఉన్నప్పుడు ఆ ఇరుసు ఎలాగో సర్దుకుంది, అల్యూమినియం వేడికి ఉబ్బేసరికి బిగుసుకుంది.

సరైన వరస: సిలిండర్లు దింపి, కింది నట్లు చేత్తో తిరిగేంత వదులుగానే ఉంచండి. వాల్వ్‌లు రెండూ పెట్టి మధ్యలో కలపండి. ఒక చెయ్యి పుల్లీ మీద పెట్టి అటూ ఇటూ తిప్పుతూనే, రెండో చేత్తో నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. పుల్లీ ఎక్కడ బరువెక్కిందో అక్కడ ఆగి, ఆ నట్టు వదులు చేసి, సిలిండర్‌ని అరచేత్తో తట్టి సర్దండి. చివరి బిగింపు దాకా పుల్లీ తేలిగ్గా తిరుగుతూనే ఉండాలి.

ఒక్కో వాల్వ్‌కి రెండు సగాలుంటాయి. ఎడమది కుడికి, ఇటుది అటు మారకుండా విప్పేముందే గుర్తు పెట్టుకోండి. వాటిని కలిపి పట్టే బోల్టు పాతదైతే కొత్తది వెయ్యండి, మాన్యువల్ చెప్పినంతే బిగించండి. అది వదులైతే ముక్క పోర్టులోకి జారుతుంది, ఇక పిస్టన్ సంగతి చెప్పక్కర్లేదు.

ఇంజన్‌లో సన్నగా 'టిక్ టిక్', పిస్టన్ ఎగ్జాస్ట్ వైపు మెరిసే గీత

వెంటనే ఆపండి. 64 మిల్లీమీటర్ల బోర్ పెద్దది చేయించినప్పుడు గోడ వెనక్కి జరుగుతుంది, వాల్వ్ అంచు మాత్రం ఉన్న చోటే ఉంటుంది. బోర్ నాలుగైదు సైజులు పెంచిన సిలిండర్‌లో ఆ అంచు బోర్‌లోకి తొంగి చూడొచ్చు. హెడ్ పెట్టకముందే వాల్వ్ బిగించి, మూసిన చోటు నుంచి తెరిచిన చోటు దాకా తిప్పుతూ, బోర్ గోడ వెంట వేలు జరపండి. అంచు గోడకంటే వెనక్కే ఉండాలి. గోరుకి తగిలిందా, మెషిన్ షాపులో ఆ అంచు తీయించాలి. బోర్ చేసినవాళ్ళు దీన్ని చూస్తారని అనుకోకండి, వాల్వ్ వాళ్ళ చేతికి మనం ఇవ్వనే ఇవ్వలేదు కదా.

వాల్వ్ తేలిగ్గానే ఉంది, మోటారే తికమక పడుతోంది

మొదట బ్యాటరీ చూడండి. నీరసపు బ్యాటరీకి మోటారు సగం దాకా వచ్చి ఆగుతుంది. బ్యాటరీ బాగుండి కూడా మోటారు ఒకే చోట వణుకుతుంటే, దాని లోపల వాల్వ్ ఎక్కడుందో చెప్పే పొటెన్షియోమీటర్ అరిగినట్టు. మోటారు తీగలకి విడిగా 12 వోల్టులు ఒక్క క్షణం తాకించి చూస్తే మోటారు బతికుందో లేదో తేలిపోతుంది. కొసకి చేరాక కూడా పట్టుకుని ఉంటే కాలిపోతుంది. కేబుళ్ళు వీణ తీగల్లా బిగించినా ఇదే గోల, రెండింటికీ రవ్వంత వదులుండాలి. తాళం తిప్పి, మోటారు ఆగాక పుల్లీ మీది గాడి సిలిండర్ మీది గుర్తుకి ఎదురుగా నిలిస్తే సెట్టింగ్ కుదిరింది.

వాల్వ్ కొసల్లోంచి నల్లటి ఆయిల్

ఆయిల్ సీల్, ఓ రింగ్ పోయాయి. ఇంజన్ కట్టేటప్పుడే కొత్తవి వేసుంటే ఈ పేరా చదవక్కర్లేదు. ఇది ఎగ్జాస్ట్ వైపు కారడం, కాబట్టి పెట్రోలు-గాలి మిక్చర్ పలచబడి పిస్టన్ పట్టేస్తుందన్న భయం లేదు. తీరికున్నప్పుడు మార్చుకోవచ్చు, అప్పటిదాకా బూటు మీద మరక పడుతుంది.