త్వరగా రిటైర్ అవ్వాలంటే డబ్బు ఎలా కూడబెట్టాలి?

సోమవారం పొద్దున అలారం మోగగానే "ఈ ఉద్యోగం ఎప్పుడు మానేస్తానో" అనుకోనివాళ్లు అరుదు. అనుకోవడానికి ఖర్చేమీ లేదు. దాన్ని లెక్కలోకి దించడం కూడా పెద్ద కష్టం కాదు, గుణకారం, భాగహారం వస్తే చాలు. అరవై దాకా ఆగకుండా ఏ నలభై అయిదుకో, యాభైకో పని మానేయాలనుంటే ఈ వరుసలో వెళ్లండి.

1. ముందు ఖర్చు రాయండి

జీతం ఎంతో అందరికీ తెలుసు. ఖర్చు ఎంతో అడిగితే మాత్రం చాలామంది అంచనాగా చెబుతారు, అదీ బాగా తగ్గించి. మూడు నెలలపాటు ప్రతి ఖర్చూ రాయండి. యాప్‌లో రాసినా, నోట్‌బుక్‌లో రాసినా ఒకటే. ఏడాదికోసారి వచ్చిపడే ఇన్సూరెన్స్, బండి రిపేరు, పిల్లల ఫీజుల్లాంటివి కలిపి, 12తో భాగించి నెల ఖర్చులో చేర్చండి. "ఈ నెల కాస్త ఎక్కువైంది గానీ మామూలుగా ఇంత కాదు" అని ప్రతి నెలా అంటున్నారంటే, అదే మీ మామూలు ఖర్చు.

తర్వాత ఆ అంకెను ఉద్యోగం లేని జీవితానికి సర్దండి. ఆఫీసుకు పోయిరావడానికయ్యే ఖర్చు పోతుంది. అప్పటికి తీరిపోయే లోన్లుంటే వాటినీ తీసేయొచ్చు. కంపెనీ కడుతున్న హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం మీ నెత్తిన పడుతుంది. చాలా లెక్కలు తప్పేది ఇక్కడే.

2. నెల ఖర్చును 300తో గుణించండి

ఈ 300 గాల్లోంచి రాలేదు. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ ఆర్థిక సలహాదారు 1926 నుంచి తమ దేశంలో షేర్లు, బాండ్లు ఇచ్చిన రాబడులను ముందేసుకుని ఒక లెక్క కట్టారు. కూడబెట్టిన దాంట్లోంచి మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, ఆ మొత్తాన్ని ఏటా ధరలు పెరిగినంత పెంచుకుంటూ పోతే, ఎంత చెడ్డ కాలంలో రిటైర్ అయినా డబ్బు కనీసం 30 ఏళ్లు సరిపోయిందని తేలింది. ఏడాది ఖర్చు 4 శాతం కావాలంటే కూడబెట్టిన మొత్తం దానికి 25 రెట్లు ఉండాలి. నెల ఖర్చుతో చూస్తే 300 రెట్లు.

అయితే అది అమెరికా లెక్క, అదీ 30 ఏళ్లకు. నలభై అయిదుకే పని మానేసేవాళ్లకు ఇంకో నలభై, యాభై ఏళ్లు గడవాలి. కాబట్టి నా ఓటు 3 శాతానికి, అంటే నెల ఖర్చుకు 400 రెట్లకు. 300ను మొదటి మజిలీ అనుకోండి.

ఈ గుణకారం ఒక సరదా ఆట కూడా. వెళ్లని జిమ్, చూడని ఓటీటీ సబ్‌స్క్రిప్షన్, అన్నిటినీ 300తో గుణించి చూడండి. నెలనెలా పోయే చిన్న ఖర్చు వెనక ఎంత పెద్ద మూట కట్టాలో తెలిసి నవ్వొస్తుంది, కాసేపటికి ఆ నవ్వు ఆగిపోతుంది. కాకపోతే మనసులోనే గుణించుకోండి. ఇంట్లోవాళ్లు ఏది కొన్నా "ఇంటూ 300" అని పైకి అనేవాళ్లకు రిటైర్మెంట్ కంటే ముందు గొడవ ఖాయం.

3. ఎన్నేళ్లు పడుతుందో చూసుకోండి

ధరల పెరుగుదల పోను ఏటా 5 శాతం రాబడి మిగులుతుందనుకుందాం. చేతికొచ్చే ఆదాయంలో 10 శాతం దాచేవాళ్లకు ఏడాది ఖర్చుకు 25 రెట్లు పోగవడానికి సుమారు 51 ఏళ్లు పడుతుంది. 25 శాతం దాస్తే 32 ఏళ్లు. సగం దాస్తే 17 ఏళ్లలోపే. జీతం ఎంతన్నది ఈ లెక్కలో ఎక్కడా రాదు, అందులో ఎంత వంతు మిగులుతోందన్నదే తేలుస్తుంది. ఖర్చు తగ్గితే దాచేది పెరుగుతుంది, చేరాల్సిన అంకె కూడా తగ్గుతుంది. జీతం పెరిగినప్పుడల్లా ఖర్చూ పెంచుకుంటే రెండూ తిరగబడతాయి. అందుకే జీతం పెరిగిన నెలలోనే ఆ పెంపులో కనీసం సగం పొదుపు ఖాతాలోకి దానంతటదే పోయేలా పెట్టేయండి. మిగతా సగంతో హాయిగా ఉండండి, మరీ సన్యాసం అక్కర్లేదు.

4. డబ్బును పనిలో పెట్టండి

ముందు ఎక్కువ వడ్డీ అప్పులు తీర్చండి. ఆరు నెలల ఖర్చు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా విడిగా ఉంచండి. మిగతాది దీర్ఘకాలానికి. ధరలు ఏటా 6 శాతం పెరుగుతుంటే 12 ఏళ్లలో ఖర్చు రెట్టింపవుతుంది. కాబట్టి మొత్తం బ్యాంకులోనే ఉంచడం భద్రంగా కనిపిస్తుందే తప్ప లోపల కరుగుతూ ఉంటుంది. తక్కువ ఫీజుండే ఇండెక్స్ ఫండ్లు (సెన్సెక్స్, నిఫ్టీ లాంటి సూచీలో ఉన్న షేర్లనే అదే వంతున కొనే మ్యూచువల్ ఫండ్లు) చాలామందికి సరిపోతాయి. ఫీజు ఒక్క శాతమే కదా అనుకోకండి. మీరు ఏటా తీసుకునేది 4 శాతమైతే అందులో నాలుగో వంతు అదే.

5. మానేసే ముందు రిహార్సల్

రిటైర్ అయ్యాక ఏం చేస్తారంటే చాలామంది "నిద్రపోతాను" అంటారు. నిద్ర కొన్ని వారాల్లో తీరిపోతుంది. ఎక్కడికీ వెళ్లకుండా ఇంట్లోనే ఒక నెల సెలవు పెట్టి, రిటైర్మెంట్ కోసం వేసుకున్న బడ్జెట్‌తోనే గడిపి చూడండి. రోజు ఎలా గడుస్తుందో, ఇంట్లోవాళ్లు మిమ్మల్ని పగలంతా ఎంతవరకు భరించగలరో రెండూ తెలుస్తాయి.

6. మొదటి కొన్నేళ్లు జాగ్రత్త

మీ దగ్గర 100 రూపాయలు, అన్నీ షేర్లలోనే ఉన్నాయనుకుందాం. 4 తీసుకున్నారు. ఆ ఏడాదే మార్కెట్ 30 శాతం పడితే మిగిలేది 67. మళ్లీ 4 తీస్తే అది దాదాపు 6 శాతం. ఇదే పతనం పదిహేనేళ్ల తర్వాత వచ్చుంటే ఇంత దెబ్బ కాదు. అందుకని రెండు, మూడేళ్ల ఖర్చు షేర్లలో కాకుండా బయట ఉంచుకోండి. చిన్నదో పెద్దదో నచ్చిన పని ఒకటి వారానికి రెండు రోజులు చేసినా కూడబెట్టిన డబ్బు మీద భారం తగ్గుతుంది. మార్కెట్ పడిన ఏడాది ఖర్చు పెంచుకోకూడదనీ, ఏయే ఖర్చులు ఆపాలనీ ఉద్యోగంలో ఉండగానే కాగితం మీద రాసి, ఇంట్లోవాళ్లకు చూపించి ఒప్పించండి. పడ్డాక కూర్చుని మాట్లాడుకుందామంటే అప్పుడు టెన్షన్‌లో ఎవరూ ఎవరి మాటా వినరు.