మీ కుంగ్‌ఫూ ఏ ఇంటిదో కనుక్కోవడం ఎలా

ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద సాయంత్రాలు ఆడపిల్లలకి వింగ్ చున్ అనే దక్షిణ చైనా కుంగ్‌ఫూ శైలి నేర్పుతాను. పిల్లని చేర్పించడానికి వచ్చినవాళ్లు ఫీజు కంటే ముందు అడిగేది ఒకటుంది: "ఇది షావోలిన్‌దేనా మేడం?" కుంగ్‌ఫూకి పుట్టిల్లని పేరుపడ్డ చైనా బౌద్ధ మఠం అది.

ఇరవై ఏళ్ల కిందట నేనూ అదే అడిగాను. అప్పుడు నేర్చుకున్న చోట 4,000 రూపాయలు తీసుకుని, ఫ్రేము కట్టిన గురుపరంపర పటం చేతిలో పెట్టారు. పైన షావోలిన్‌కి ఆదిగురువని చెప్పుకునే బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు, అట్టడుగున నేను, మధ్యలో తొమ్మిది పేర్లు. ఇంటికొచ్చి లెక్కేశాను. బోధిధర్ముడి కాలం నుంచి నా దాకా సుమారు 1,500 ఏళ్లు. అంటే ఒక్కో గురువుకీ శిష్యుడికీ మధ్య 150 ఏళ్లు! వీళ్లు కుంగ్‌ఫూ కాకుండా ఆ ఆయుష్షు రహస్యం నేర్పితే బాగుండేది.

కాబట్టి మొదటి పని ఈ భాగహారమే. రెండోది, పటాన్ని కింద నుంచి పైకి చదవడం. మీ మాస్టారితో మొదలుపెట్టి, ప్రతి పేరు పక్కన ఊరు, కాలం, బతుకుతెరువు రాసుకోండి. మూడూ దొరికితే సిరా, లేకపోతే పెన్సిల్.

వింగ్ చున్‌నే చూడండి. ఈ శైలిలో పేరుమోసిన గురువు ఇప్ మాన్ 1893లో దక్షిణ చైనాలోని ఫోషాన్‌లో పుట్టాడు, 1949లో హాంకాంగ్ చేరాడు, 1972లో పోయాడు. ఆయన గురువు చాన్ వా షున్ డబ్బు మారకం వ్యాపారి. ఆయనకి నేర్పిన లియుంగ్ జాన్ ఫోషాన్‌లో పేరున్న వైద్యుడు. ఆ పైన ఎర్ర పడవల్లో ఊరూరా తిరిగిన నాటక సమాజాల నటులు వస్తారు. వాళ్లకీ పైన యిమ్ వింగ్ చున్ అనే అమ్మాయి, ఆమెకి నేర్పిన సన్యాసిని ఎంగ్ మూయ్. నా పటంలో ఈ ఇద్దరూ పెన్సిల్‌లోనే ఉన్నారు. ఆడవాళ్లు కదా, సిరాతో రాయాలని నాకూ ఉంది.

దక్షిణాది శైలుల్లో చాలావాటి మొదట్లో ఒకటే కథ: అప్పటి చైనాని ఏలిన చింగ్ వంశపు సైన్యం ఫుజియాన్ రాష్ట్రంలోని దక్షిణ షావోలిన్ మఠాన్ని తగలబెట్టింది, ఐదుగురు తప్పించుకున్నారు. మఠం కాలిన ఏడాది ఒకరు 1647 అంటారు, ఒకరు 1674, ఇంకొకరు 1732. అదే ఫుజియాన్‌లో 1760ల్లో పుట్టిన తియాన్‌దిహుయ్ అనే రహస్య సంఘం కూడా కొత్తవాళ్లని చేర్చుకునేటప్పుడు ఈ మఠం కథే చెప్పేది. తర్వాత 19వ శతాబ్దం చివర్లో అచ్చయిన వీరగాథలు దాన్ని ఇంటింటికీ చేర్చాయి. పటంలో మఠం కనబడగానే మోసమని చింపెయ్యక్కర్లేదు. బొబ్బిలి కథ బుర్రకథలో విని ఒళ్లు పులకరిస్తుంది, యుద్ధం 1757లో జరిగిందని మాత్రం చరిత్ర పుస్తకంలో చూసుకుంటాం. ఇదీ అంతే.

చోయ్ లీ ఫుట్ అనే మరో దక్షిణాది శైలి వాళ్లకి ఈ బాధ తక్కువ. చాన్ హుంగ్ (1806–1875) గ్వాంగ్‌డాంగ్‌లోని కింగ్ మూయ్ గ్రామస్థుడు. 1836లో తన శైలికి పేరు పెడుతూ చోయ్ ఫుక్, లీ యౌ సాన్ అనే ఇద్దరు గురువుల ఇంటిపేర్లు కలిపేశాడు. ఫుట్ అంటే బుద్ధుడు.

హుంగ్ గార్ శైలి అయితే మనిషి పరంపర ఒక్కటే చూస్తే సరిపోదు, ఏ ఫారం (వరసగా చేసే కదలికల కూర్పు) ఎక్కణ్ణుంచి వచ్చిందో విడిగా అడగాలి. ఆ శైలిలో పేరున్న గురువు వాంగ్ ఫే హుంగ్ (1847–1925) తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. కానీ ఆయన ఇనుప తీగ ఫారం తండ్రిది కాదు, టిట్ కియు సామ్ అనే మరో గురువుది, ఆ గురువు శిష్యుడి ద్వారా వచ్చింది. ఇంటిపేరు అత్తవారిదైనా చేతి వంట పుట్టింటిది అయినట్టు.

పేర్ల దగ్గర కాస్త జాగ్రత్త. కాంటనీస్‌లో ఇప్ మాన్, మాండరిన్‌లో యే వెన్. ఇద్దరు మనుషులనుకుని పటంలో రెండుసార్లు ఎక్కించినవాళ్లున్నారు. వింగ్ చున్‌ని మాండరిన్‌లో యోంగ్‌చున్ అంటారు. తెల్ల కొంగ శైలికి పేరుమోసిన ఫుజియాన్ జిల్లా కూడా యోంగ్‌చునే. కానీ మొదటి అక్షరం వేరు: శైలి పేరులో 'పాడటం', జిల్లా పేరులో 'శాశ్వతం'.

మీ అబ్బాయి గోజు-ర్యూ కరాటేకి వెళ్తుంటే వాడి సాన్‌చిన్ కటా (కరాటేలో ఫారాన్ని కటా అంటారు) గురించి అడగండి. 19వ శతాబ్దంలో హిగావొన్నా కాన్‌ర్యో జపాన్ దీవి ఒకినావా నుంచి ఫుజియాన్‌లోని ఫుజౌ వెళ్లి నేర్చుకొచ్చిన విద్య అది. తెల్ల కొంగ శైలిలోనూ అదే పేరుతో ఫారం ఉంది, 'మూడు యుద్ధాలు' అని అర్థం.

ఇక మాస్టారిని అడిగే తీరు. ఈ విద్యలో పిలుపులన్నీ చుట్టరికాలే: గురువుని పిలిచే సిఫూ అనే మాటలో తండ్రి ఉన్నాడు, గురువుగారి గురువు సిగుంగ్ తాత, ముందు చేరిన శిష్యుడు సిహింగ్ అన్న. అందుకని "ఇది అసలుదేనా?" అనకండి. క్లాసయ్యాక టీ తాగుతూ "మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు సార్, ఏ ఊళ్లో?" అనండి. నిజంగా నేర్చుకున్నవాళ్లు గురువుగారి కోపం, ఆయన తిట్లు, వర్షంలో చేయించిన గుంజీలు అన్నీ చెప్పుకొస్తారు. "అదంతా రహస్యం" అంటే ఆ నెల ఫీజు మాత్రం కట్టి, ఏడాది ప్యాకేజీ సంగతి తర్వాత చూద్దాం అనండి.