మేడ మీద గదికి నెట్ సరిచేసిన విధం

మా ఇంట్లో రౌటర్ కింద హాల్లో ఉంది. నాన్న టీవీ చూసేది మేడ మీద గదిలో. మధ్యలో కాంక్రీటు స్లాబు. 300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా, మ్యాచ్ మంచి పట్టులో ఉండగా బొమ్మ ఆగిపోయేది. రౌటర్ ఇచ్చే రెండు వైఫై బ్యాండుల్లో 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే కానీ స్లాబు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 పైదాకా వస్తుంది, అయితే చుట్టుపక్కల ఇళ్ల వైఫైలతో అక్కడ ఒకటే రద్దీ.

అందుకని గోడలోని పాత కేబుల్ టీవీ పైపులోంచి క్యాట్ 6 వైరు (ఎనిమిది సన్న తీగలుండే నెట్ కేబుల్) లాగించాం. ఇంట్లో ఉన్న రెండో రౌటర్‌ని పైన పెట్టి, దాని ఐపీ అడ్రస్ మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీ అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, వైరుని ల్యాన్ పోర్టుకి పెట్టాను. టీవీ ఆగడం తగ్గింది. ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి చూస్తే మాత్రం స్పీడ్ 94 దాటదు!

ఆ 94 దగ్గరే అసలు సంగతి దొరికింది. వైరు లింకు 100 ఎంబీపీఎస్ మీద నిలిచిపోతే చేతికొచ్చేది దాదాపు అంతే. వందకి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) ఎనిమిదీ కావాలి. పైన కనెక్టర్‌ని కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాను. ఏడు రాగి కొసలు వరుసగా మెరుస్తున్నాయి. చివరి గోధుమరంగు తీగ మాత్రం పిన్ను దాకా చేరనే లేదు. ఎంత సంతోషం వేసిందో! కొస కత్తిరించి, ఎనిమిది తీగలూ సమంగా చేసి, అదే రంగుల వరుసలో మళ్లీ కనెక్టర్‌లో నొక్కి బిగించాను (క్రింప్ చేశాను). ఈసారి 290 వచ్చింది.