నాయనమ్మ ఉత్తరాల కట్ట విప్పేముందు

తాతయ్య రంగూన్‌లోనో మద్రాసులోనో ఉద్యోగం చేస్తుంటే గుంటూరు నుంచో బెజవాడ నుంచో నాయనమ్మ రాసిన ఉత్తరాలు, చాలా ఇళ్లలో ఆయన ట్రంకుపెట్టెతోనే తిరిగొచ్చాయి. పాల లెక్క, పిల్లాడి జ్వరం, అద్దె బాకీ అన్నీ వాటిలోనే. పెట్టె తీయగానే నచ్చినవి ఏరుకోవద్దు. తేదీ లేని కార్డుకి దాని ముందూ వెనకా ఉన్నవే సాక్ష్యం.

తీగకు గుచ్చిన కట్టయితే ముందు ఫోటో తీయండి. పాతవి అడుగున, కొత్తవి పైన ఉంటాయి. పైనున్న వంపును కటింగ్ ప్లయర్‌తో తెంచి ఒక్కొక్కటే పైకి తీసి, వెనక మూల 2బి పెన్సిలుతో వరుస నంబరు వేయండి. వంపుమీదుగా లాగితే తుప్పుపట్టిన చోట చిల్లు కాస్తా చిరుగవుతుంది.

ఈ పని డిసెంబరు, జనవరి పొద్దుటిపూట పెట్టుకోండి. మే నెల ఎండకి కాగితం పెళుసెక్కి మడత దగ్గర విరుగుతుంది. విప్పడానికి నీళ్లు చిలకరించొద్దు. ముఖ్యంగా కాపీయింగ్ పెన్సిలు (రబ్బరుతో చెరగని, రంగు కలిపిన పాతకాలపు పెన్సిలు) రాతకి తడి తగిలితే ఊదారంగు పాకుతుంది. ఇన్లాండు లెటరయితే చింపిన అంచులు కూడా దాచండి, చివరి రెండు లైన్లు తరచు అక్కడే ఉంటాయి.

తేదీ కట్టడమే అసలు పని. ‘విరోధి శ్రావణ బ॥ 5’ అంటే విరోధి నామ సంవత్సరం, శ్రావణ బహుళ పంచమి. విరోధి 1889లో వచ్చింది, 1949లో వచ్చింది, మళ్లీ 2009లో. ఏది మనదో తపాలా ముద్ర, బిళ్ల చెబుతాయి. ఇన్లాండు 1950లో వచ్చింది. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న మొదలయ్యాయి, కాబట్టి అణాల బిళ్లంటే సాధారణంగా అంతకు ముందుది. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 తర్వాతది. చాలామంది పొరపడేది ఒకచోట: సంవత్సరం ఉగాదికి మారుతుంది గనక విరోధి మాఘం 1950లో పడుతుంది, 1949లో కాదు.

చదివేటప్పుడు ‘ఉభయకుశలోపరి’ దాటాక నిదానించండి. మనుషులు పేర్లతో కాక ‘పెద్దబావగారు’, ‘మీ అబ్బాయి’ అనే వరసలతో వస్తారు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఎవరు ఎవరో ముందే రాసిపెట్టుకోండి. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో ఖర్చు తగ్గించుకోవడానికి రాసిన పేజీనే అడ్డంగా తిప్పి మళ్లీ రాసేవారు. మన కార్డుల్లో అంచులు నింపేవారు. అంచు రాత చివర్లో రాసింది, కాబట్టి చివర్లోనే చదవండి. అడగడానికి మొహమాటపడిన డబ్బు మాట చాలాసార్లు అక్కడే ఉంటుంది.

స్కానింగు 600 డీపీఐలో, రెండువైపులా. సెల్లోటేపు అంటించొద్దు, జిగురు పసుపెక్కి కాగితంలోకి దిగుతుంది. లామినేషన్ అసలే వద్దు, వేడికి ప్లాస్టిక్ పట్టేశాక ఊడదీయలేం. గుండుసూదులు తీసేసి, యాసిడ్ లేని కాగితపు మడతల్లో పెట్టి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. నాఫ్తలీన్ ఉండలు కాగితానికి తగలనివ్వకండి.

డబ్బా నేలమీద వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు బెజవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చిన సంగతి తెలిసిందే. తడిస్తే ఒకదాన్నుంచి ఒకటి పీకకుండా, కట్టను కట్టగానే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. గడ్డకట్టిన కట్టను ఇంట్లో కరిగించకుండా పాత కాగితాలు బాగుచేసేవాళ్లకే ఇవ్వండి.